ఫుట్‌బాల్ ఆటగాడి కంచం: ఏ రోజుకు ఎంత అన్నం

హనుమకొండలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి కాలినడక దూరంలో నేనొక చిన్న మెస్ నడుపుతున్నాను. హైదరాబాద్‌లో హోమ్ సైన్స్ చదివి, కొన్నేళ్లు ఆసుపత్రుల్లో రోగుల భోజనాల లెక్క చూసి, చివరకు సొంత ఊరికి వచ్చి గరిటె పట్టుకున్నాను. ఇప్పుడు నా దగ్గర 22 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్లు తింటున్నారు. కొందరు క్లబ్బులతో ఒప్పందం చేసుకున్నవారు, కొందరు ఆ దారిలో ఉన్నవారు. వాళ్ల కోసం, వాళ్ల ఇళ్లలో వండిపెట్టే అమ్మల కోసం ఇది రాస్తున్నాను.

రాయడానికి కారణం ఒక కుర్రవాడు. ములుగు వైపు నుంచి వచ్చాడు, పంతొమ్మిదేళ్లు, బరువు 65 కిలోలు, మిడ్‌ఫీల్డ్‌లో ఆడతాడు. ఒక మ్యాచ్‌లో మొదటి సగమంతా పాదరసంలా కదిలాడు. గంట దాటాక మాత్రం కాళ్లు ఈడ్చుకుంటూ నడవడం మొదలుపెట్టాడు. బంతి తన పక్కనుంచే పోతున్నా ఒక్క అడుగు ముందుకు వేయలేకపోయాడు. 68వ నిమిషంలో కోచ్ బయటికి పిలిచాడు. బెంచీ మీద తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన కూర్చుని, "నిన్నటి నుంచి ఏమేం తిన్నావు బాబూ?" అని అడిగాను. ముందు రోజు మధ్యాహ్నం రెండు జొన్న రొట్టెలు, రాత్రి రెండు, ఆరు గుడ్ల తెల్లసొన, కీర ముక్కలు. ఆ ఉదయం మళ్లీ తెల్లసొన, చక్కెర లేని కాఫీ. "అన్నం తింటే కొవ్వు పడుతుందని ఫోన్‌లో చూశానమ్మా. రెండు నెలలైంది మానేసి" అన్నాడు.

రెండు నెలలుగా నా కళ్ల ముందే అన్నం గిన్నెను పక్కవాడికి జరుపుతుంటే నేను అడగలేదు. ఆ తప్పు నాది. మీ ఇంట్లో, మీ మెస్‌లో అలాంటి పిల్లవాడు ఉంటే ఇప్పుడే అడగండి.

కాళ్లు ఎందుకు ఆగిపోతాయి

తొంభై నిమిషాల ఆటలో పెద్ద స్థాయి ఆటగాడు 10 నుంచి 13 కిలోమీటర్లు తిరుగుతాడు. అది ఒకే తీరు పరుగు కాదు. నడక, జాగింగ్, ఉన్నట్టుండి దూకుడు, మళ్లీ ఆగడం, ఎగరడం, మలుపు తిరగడం. ఇటువంటి దూకుడుకు కండ వాడుకునే ముఖ్యమైన ఇంధనం గ్లైకోజెన్. మనం తినే అన్నం, రొట్టె, పండు, బెల్లం జీర్ణమై చక్కెరగా మారాక కండల్లో, కాలేయంలో పేరుకునే నిల్వ అది. ఒక్క మ్యాచ్‌తో చాలా కండరపోగుల్లో ఆ నిల్వ దాదాపు అడుగంటుతుంది.

స్వీడన్ శాస్త్రవేత్త బెంగ్ట్ సాల్టిన్ 1970లలోనే దీన్ని చూపించాడు. గ్లైకోజెన్ తక్కువతో మైదానంలోకి దిగినవారు మిగతావారి కంటే తక్కువ దూరం కదిలారు, కదిలిన దానిలోనూ ఎక్కువ భాగం నడకే. ఆ మాట చదివి చాలా ఏళ్లైంది. దాన్ని కళ్లారా చూసింది మాత్రం ఆ రోజు మన స్టేడియంలో, మన పిల్లవాడి కాళ్లలో.

ఆటగాడు ఎంత తినాలన్న ప్రమాణాలు ఏవో ఊరికే పుట్టలేదు. 2005లో ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా జ్యూరిచ్‌లో నిపుణులను కూర్చోబెట్టి ఫుట్‌బాల్ ఆటగాళ్ల ఆహారంపై ఒక అంగీకారానికి వచ్చింది. 2020లో యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుయెఫా తరఫున నిపుణుల బృందం ఇంకా వివరమైన పత్రం తెచ్చింది. కింద నేను వాడే గ్రాముల లెక్కలు ఎక్కువగా ఆ పత్రంలోవే. ఏ పదార్థంలో ఎంత ఉందన్న దానికి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో అచ్చువేసిన ఆహార పట్టికలు నా వంటగది అలమారలో ఉంటాయి. గరిటె కొలతకు సరిపోయేలా అంకెలను కొంచెం గుండ్రం చేశాను.

గరిటెను కొలిచి పెట్టుకోండి

లెక్క మొత్తం శరీర బరువు మీద నడుస్తుంది. కిలో బరువుకు ఇన్ని గ్రాముల పిండిపదార్థం అని. విశ్రాంతి రోజున, తేలిక సాధన రోజున కిలోకు 3 నుంచి 4 గ్రాములు చాలు. గట్టి సాధన రోజున 5 నుంచి 6. మ్యాచ్ ముందు రోజు, మ్యాచ్ రోజు, మ్యాచ్ మరునాడు 6 నుంచి 8. మన 65 కిలోల కుర్రవాడికి విశ్రాంతి రోజున 200 నుంచి 260 గ్రాములు సరిపోతాయి, మ్యాచ్ ముందు రోజు 390 నుంచి 520 గ్రాములు కావాలి. ఆ రోజు అతని కడుపులోకి వెళ్లింది 150 గ్రాములు కూడా లేదు.

ఇక గరిటె. నా మెస్‌లో అన్నం వడ్డించే గరిటెను వంటింటి తక్కెడ మీద పెట్టి కొలిచాను. నిండుగా తీస్తే 150 గ్రాముల అన్నం వస్తుంది. అందులో పిండిపదార్థం సుమారు 42 గ్రాములు. మీ గరిటె వేరు కావచ్చు, మీ అన్నం మెత్తన కావచ్చు. ఒక్కసారి తూచి గోడ మీద రాసి పెట్టుకోండి. ఆ తర్వాత తూకంతో పనిలేదు, చేతికే తెలిసిపోతుంది. 50 గ్రాముల ఇడ్లీలో 12 గ్రాములు, 50 గ్రాముల పిండితో చేసిన జొన్న రొట్టెలో 35, మధ్యస్థమైన అరటిపండులో 22, గుప్పెడున్నర పొడి అటుకులు అంటే 60 గ్రాములలో 46 అనుకోండి.

మ్యాచ్ ముందు రోజు నేను పెట్టేది ఇది. ఉదయం ఆరు ఇడ్లీలు, ఒక అరటిపండు, చక్కెర వేసిన గ్లాసు పాలు. పదకొండుకు పెరుగు, బెల్లం కలిపిన అటుకులు. మధ్యాహ్నం మూడు గరిటెల అన్నం, పప్పు, ఆలుగడ్డ కూర, చికెన్ ముక్కలు, పెరుగు. సాయంత్రం రెండు అరటిపండ్లు. రాత్రి రెండున్నర గరిటెల అన్నం, చేప పులుసు. అంతా కలిపితే 480 గ్రాముల దగ్గరకు వస్తుంది. ఒక్క పూట పొట్ట పగిలేలా తినిపించి ఈ లెక్క తీర్చలేం. ఐదు పూటలుగా విడగొడితే ఎవరికీ భారం కాదు.

విశ్రాంతి రోజున అదే కుర్రవాడికి మధ్యాహ్నం గరిటెన్నర అన్నం, రాత్రి రెండు జొన్న రొట్టెలు, ఆకుకూర పప్పు, కూరగాయలు ఎక్కువ. జొన్న రొట్టె మీద, అంబలి మీద, మక్క గటక మీద నాకు ఎంతో గౌరవం ఉంది. మా అమ్మ వాటితోనే మమ్మల్ని పెంచింది. ఆకలిని మెల్లగా తీరుస్తాయి, పీచు ఉంటుంది, అరుగుదలకు సమయం పడుతుంది. అందుకే అవి విశ్రాంతి రోజుకూ, మామూలు సాధన రోజు రాత్రికీ మంచివి. మ్యాచ్‌కు ముందు పూటకు మాత్రం అదే పీచు కడుపులో బరువవుతుంది. ఏ పూటకు ఏది అన్నదే అసలు విద్య.

అన్నం అంటే భయపడేవారికి ఇంకొక మాట. ఆర్సెన్ వెంగర్ 1996లో ఇంగ్లండ్‌లోని ఆర్సెనల్‌కు రాకముందు జపాన్‌లో నగోయా జట్టుకు కోచ్‌గా ఉన్నాడు. అక్కడివాళ్లు తినే ఉడికించిన కూరగాయలు, చేప, అన్నం అతనికి బాగా నచ్చాయి. లండన్‌కు వచ్చి ఆటగాళ్ల భోజనంలోంచి నూనె పదార్థాలు, మిఠాయిలు తగ్గించాడు. రెండేళ్లలోనే ఆ జట్టు లీగ్ గెలిచింది. గెలుపుకు వంద కారణాలుంటాయి, అన్నీ కంచంలోనే లేవు. కానీ ఆ కంచంలో అన్నం ఉంది. చేప, అన్నం, కూరగాయలు మనకు కొత్తవి కావు కదా.

మాంసకృత్తులు: రోజంతా పంచి పెట్టాలి

ఆటగాడికి కిలో బరువుకు రోజుకు 1.6 నుంచి 2.2 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 65 కిలోలకు 104 నుంచి 143 గ్రాములు. దీనికి కంగారు పడి డబ్బాల పొడి కొనేవాళ్లు నా దగ్గరకు రోజూ వస్తుంటారు. ముందు కంచం లెక్క చూద్దాం రమ్మంటాను. ఒక గుడ్డులో 6 గ్రాములు. ఎముక లేని వండిన చికెన్ వంద గ్రాములకు 28 వరకు. చేప పచ్చిది వంద గ్రాములకు 18. పావు లీటరు పాలలో 8. పిడికెడు పల్లీలలో 7. మీల్‌మేకర్ పొడిది 50 గ్రాములు నానబెట్టి వండితే 26. మాంసం తినని పిల్లలకు నేను ఎక్కువగా నమ్ముకునేది మీల్‌మేకర్, పెరుగు, పెసలు.

ఉదయం మూడు గుడ్లు, పాలు. మధ్యాహ్నం చికెన్, పప్పు, పెరుగు. సాయంత్రం ఉడికించిన పెసలు లేదా పల్లీలు. రాత్రి చేప, పప్పుచారు. పడుకోబోయే ముందు పాలు. ఇంతే, 110 దాటుతుంది. అన్నంలో వచ్చే మాంసకృత్తులు ఇందులో కలపనే లేదు. పూటకు 25 నుంచి 30 గ్రాముల చొప్పున పంచితే కండ బాగా వాడుకుంటుంది. రోజంతా ఏమీ తినక రాత్రి అరకిలో చికెన్ తింటే ఆ లాభం రాదు. చేప అంటే పాకాల, లక్నవరం వైపు నుంచి కొర్రమీను వచ్చిన రోజు నా మెస్‌లో పండగే. ధర ఎక్కువ కాబట్టి రోజూ పెట్టలేను. మామూలు రవ్వ, బొచ్చెలు పెడతాను. మాంసకృత్తుల లెక్కలో పెద్ద తేడా లేదు.

గుడ్డు పచ్చసొన పారేయకండి. ములుగు కుర్రవాడు రెండు నెలల్లో పారేసిన పచ్చసొనలను తలచుకుంటే ఇప్పటికీ నా మనసు చివుక్కుమంటుంది. విటమిన్ ఎ, డి, బి12 అందులోనే ఉంటాయి.

మే నెల, తక్కెడ, చల్ల

వరంగల్‌లో మే నెల అంటే చెప్పాలా? పగలు 43, 44 డిగ్రీలు. సాయంత్రం ఐదున్నరకు కూడా మైదానం నుంచి వేడి ఆవిరి కాళ్లకు తగులుతుంది. ఆ రోజుల్లో నేను బరువు చూసే తక్కెడను ఆటోలో వేసుకుని మైదానానికి తీసుకెళ్తాను. సాధనకు ముందు ఒంటి మీద నిక్కరు మాత్రమే ఉంచి తూచడం, ముగిశాక చెమట తుడిచి మళ్లీ తూచడం. నోటుబుక్కులో పేరు, ముందు, తర్వాత, మధ్యలో తాగిన నీళ్లు.

ఒక సాయంత్రం ఒక డిఫెండర్ లెక్క ఇలా వచ్చింది. ముందు 65.2, తర్వాత 63.4. మధ్యలో అర లీటరు తాగాడు. అంటే 75 నిమిషాల్లో ఒంట్లోంచి పోయిన చెమట 2.3 లీటర్లు. బరువులో దాదాపు వందకు మూడు వంతులు తగ్గింది. వందకు రెండు దాటితేనే చాలామందికి పరుగు, ఏకాగ్రత రెండూ దెబ్బతినడం మొదలవుతుంది. అతని పక్కనే ఆడిన ఇంకొకరికి తగ్గింది ఆరు వందల గ్రాములే. ఒకే మైదానం, ఒకే గంట. అందుకే అందరికీ "మూడు లీటర్లు తాగండి" అని చెప్పే సలహాను నేను నమ్మను. మీ చెమట మీరే కొలుచుకోండి. రెండు మూడు సాయంత్రాలు తూస్తే చాలు, మీ సంగతి మీకు తెలిసిపోతుంది.

పోయిన ప్రతి కిలోకు తర్వాతి కొన్ని గంటల్లో ఒకటిన్నర లీటరు తాగాలి. ఆ డిఫెండర్‌కు 2.7 లీటర్లు. ఒకేసారి కాదు, ఉప్పుతో, తిండితో కలిపి నింపాదిగా. ఉప్పు లేని నీళ్లు గటగటా తాగితే చాలావరకు మూత్రంలో పోతాయి. ఉప్పు వేసిన పలుచని చల్ల, పప్పుచారు, ఉప్పు నిమ్మరసం ఇందుకు మనకున్న గొప్ప ఆస్తి. కొబ్బరినీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం తక్కువ. చెమటలో ఎక్కువగా పోయేది సోడియం. కాబట్టి కొబ్బరినీళ్లు తాగినా కాస్త ఉప్పు వేసుకోండి, లేదా ఉప్పగా ఏదైనా తినండి. చెమట పోయిన దానికంటే ఎక్కువ నీళ్లు ఆట మధ్యలో తాగడం కూడా ప్రమాదమే. రక్తంలో సోడియం పడిపోతుంది.

మైదానంలో తాగడానికి నేను కలిపే నీళ్లు: లీటరు మంచినీళ్లకు 60 గ్రాముల చక్కెర, పావు టీస్పూను ఉప్పు, ఒక నిమ్మకాయ. చక్కెరను తూచి వేయండి. తీపి బాగుందని రెట్టింపు వేస్తే కడుపులో నిలిచిపోతుంది, పరుగెత్తేటప్పుడు వికారం వస్తుంది.

మ్యాచ్ రోజు గడియారం

నాలుగు గంటలకు ఆట మొదలవుతుందనుకుందాం. ఉదయం ఏడున్నరకు ఐదు ఇడ్లీలు, రెండు ఉడికించిన గుడ్లు, ఒక అరటిపండు. అసలు భోజనం పన్నెండుంబావుకు. ఆటకు మూడు నాలుగు గంటల ముందు కిలో బరువుకు 1 నుంచి 3 గ్రాముల పిండిపదార్థం అన్నది ప్రమాణం. మూడు గరిటెల అన్నం, నూనె తక్కువతో నాలుగైదు చికెన్ ముక్కలు, పలుచని పప్పుచారు, పెరుగు. అంతే. ఈ పూటకు తొక్కులు, వేపుళ్లు, సర్వపిండి, గుగ్గిళ్లు, మసాలా కూరలు వద్దు. ఇంట్లో అమ్మ ఎంతో ప్రేమగా, "ఈ రోజు ఆట ఉంది కదా" అని నాటుకోడి నెయ్యితో వండి పంపుతుంది. ఆ ప్రేమను రాత్రికి దాచుకోండి.

రెండు మూడు గంటల ముందు కిలోకు 5 నుంచి 7 మిల్లీలీటర్ల నీళ్లు, అంటే 65 కిలోలవారికి 325 నుంచి 455. మూత్రం లేత పసుపులో ఉంటే సరిపోయినట్టే. మూడింటికి ఇంకొక అరటిపండు. వార్మప్ అయ్యాక ఆ చక్కెర ఉప్పు నీళ్లు పావు లీటరు, హాఫ్ టైమ్‌లో 300 మిల్లీలీటర్లు, రెండు ఖర్జూరాలు. ఆట మధ్యలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందితే చివరి పావుగంట కాళ్లకు మాట వినే శక్తి ఉంటుంది.

కాఫీ, టీ అలవాటున్నవారు ఆటకు గంట ముందు తాగవచ్చు. కెఫీన్ పనిచేస్తుంది. కానీ రాత్రి ఏడింటి మ్యాచ్‌కు తాగితే నిద్ర చెడుతుంది, మరునాటి కోలుకోవడం దెబ్బతింటుంది. ఏ కొత్త తిండినీ, కొత్త పానీయాన్నీ మొదటిసారి మ్యాచ్ రోజున ప్రయత్నించకండి. సాధన రోజుల్లో రెండు మూడుసార్లు చూసి, కడుపు ఒప్పుకున్నాకే మ్యాచ్ రోజుకు తీసుకురండి.

చివరి విజిల్ ఊదాక నాలుగు గంటలు చాలా విలువైనవి. గంటకు కిలో బరువుకు 1 గ్రాము చొప్పున పిండిపదార్థం, 20 నుంచి 25 గ్రాముల మాంసకృత్తులు. నేను ఫ్లాస్కులో పాలు పోసుకుని వెళ్తాను. 400 మిల్లీలీటర్ల పాలు, రెండు అరటిపండ్లు, రెండు గుడ్లు. 65 కిలోలవారికి మొదటి గంట లెక్క దీంతో తీరిపోతుంది. రెండు గంటల తర్వాత నిండు భోజనం. గెలిచిన రాత్రి బిర్యానీ అడుగుతారు, నేను కాదనను. అన్నం, మాంసం రెండూ ఉన్నాయి. కానీ ముందు పాలు, అరటిపండు తిన్నవారికే బిర్యానీ. మద్యం మాత్రం వద్దు. నిద్రనూ, కండ మరమ్మతునూ, నీళ్ల నిల్వనూ మూడింటినీ చెడగొడుతుంది.

డబ్బాల విషయం

ఒప్పందం ఉన్న ఆటగాడికి డోపింగ్, అంటే నిషేధిత పదార్థాల వాడకంపై నియమాలు వర్తిస్తాయి. ఒంట్లో దొరికినదానికి పూర్తి బాధ్యత ఆటగాడిదే. "దుకాణంవాడు ఇచ్చాడు, నాకు తెలియదు" అంటే చెల్లదు. డబ్బా మీద రాయని నిషేధిత పదార్థాలు లోపల కలిసిన సందర్భాలు ప్రపంచమంతటా ఉన్నాయి. జిమ్‌లో స్నేహితుడు ఇచ్చిన పొడి, చీటీ లేని మాత్రలు, బలం మందు అని ఊళ్లో అమ్మేవి ముట్టుకోకండి. జ్వరానికి, దగ్గుకు వేసుకునే మందులను కూడా జట్టు వైద్యుడికి చూపించండి.

పనిచేస్తాయని గట్టి ఆధారం ఉన్నవి కొన్నే. కండకు త్వరిత శక్తినిచ్చే క్రియేటిన్ రోజుకు 3 నుంచి 5 గ్రాములు, కెఫీన్, రక్తపరీక్షలో తక్కువని తేలితే విటమిన్ డి, ఐరన్. అవి కూడా క్లబ్బు వైద్యుడు చెప్పాక, స్వతంత్ర సంస్థ పరీక్షించిన బ్యాచ్ అయితేనే. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు నేను ఏ డబ్బానూ సూచించను.

ఆడపిల్లలకు

నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చి భారత జట్టుకు ఆడి, 2022లో క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ జట్టులో చేరిన గుగులోత్ సౌమ్య పేరు చెప్పగానే నా దగ్గర తినే ముగ్గురు ఆడపిల్లల కళ్లు మెరుస్తాయి. వాళ్లను నేను మగపిల్లల కంటే ఎక్కువ గమనిస్తాను. ఎందుకంటే వాళ్లు తక్కువ తింటారు, ఇంట్లో చివరగా తినే అలవాటు మెస్‌కు కూడా వెంట వస్తుంది. నా మెస్‌లో ఆడపిల్లలకు మొదట వడ్డిస్తాను.

సాధనకు తగినంత తినకపోతే మొదట నెలసరి తప్పుతుంది. "బరువు తగ్గాను, మంచిదే కదా" అనుకుంటారు. మంచిది కాదు. శరీరం ఖర్చు తగ్గించుకోవడానికి పనులను ఒక్కొక్కటిగా ఆపేస్తోందన్నమాట. తర్వాత ఎముకలు బలహీనపడతాయి, చిన్న దెబ్బకే పగుళ్లు వస్తాయి. మూడు నెలలు నెలసరి రాకపోతే వైద్యురాలి దగ్గరకు వెళ్లాలి. కంచంలో అన్నం పెరగాలి.

ఐరన్ విషయానికి వస్తే, మన దేశంలో పెద్ద ఆడవారికి రోజుకు 29 మిల్లీగ్రాములు, మగవారికి 19 అని 2020 ప్రమాణాలు చెబుతున్నాయి. వారానికోసారి మేక కార్జం, మిగతా రోజుల్లో తోటకూర, పెసలు, నువ్వులు. వాటి మీద నిమ్మరసం పిండాలి, అప్పుడే ఆకుకూరలోని ఐరన్ బాగా ఒంటబడుతుంది. భోజనం అయిన వెంటనే టీ తాగే అలవాటును గంట వెనక్కి జరపండి. హిమోగ్లోబిన్‌తో పాటు, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష ఏడాదికి రెండుసార్లు చేయించండి. మాత్రలు మాత్రం ఎవరికి వారు కొని వేసుకోకూడదు.

రంజాన్, గాయం, ప్రయాణం

రంజాన్ నెలలో నా దగ్గర ఐదుగురు ఉపవాసం ఉంటారు. సాధనను ఇఫ్తార్ తర్వాతకు మార్చమని కోచ్‌ను అడుగుతాను, చాలావరకు వింటారు. ఇఫ్తార్‌కు ఖర్జూరాలు, నీళ్లు, పండ్లు, పలుచని గంజి. సాధన తర్వాత నిండు భోజనం. సహరీకి, అంటే తెల్లవారకముందు తినే పూటకు, అన్నం, గుడ్లు, పెరుగు, నీళ్లు. రాత్రంతా గంటకు ఒక గ్లాసు చొప్పున. వేయించిన సమోసాలు, మిర్చీలు దాహం పెంచి కడుపు నింపుతాయి, వాటిని పండగ రోజుకు ఉంచుకోండి.

గాయమైన ఆటగాడు చేసే మొదటి పని తిండి తగ్గించడం. పరుగు లేదు కదా అని. అన్నం కొంత తగ్గించవచ్చు, గుడ్డు, చేప, పెరుగు మాత్రం తగ్గించకూడదు. కదలని కాలిలో కండ త్వరగా కరుగుతుంది. మాంసకృత్తులను కిలోకు 2 గ్రాముల పైన ఉంచండి. ఊతకర్రలతో నడవడానికి కూడా శక్తి కావాలి, పుండు మానడానికీ కావాలి.

కాజీపేటలో రైలెక్కి దూరపు మ్యాచ్‌కు వెళ్లేటప్పుడు పెరుగన్నం కట్టివ్వను, ఎండకు పులిసిపోతుంది. పులిహోర కట్టిస్తాను. చింతపండు వల్ల ఎక్కువసేపు నిలుస్తుంది, పిండిపదార్థం నిండుగా ఉంటుంది. తోడుగా అరటిపండ్లు, పల్లీపట్టీలు, మొదటి రెండు మూడు గంటల్లో తినేయడానికి ఉడికించిన గుడ్లు. స్టేషన్లలో కోసి పెట్టిన పండ్లు, మూత లేని చట్నీలు వద్దు. ఒక్క విరేచనం చాలు, నెల రోజుల సాధన వృథా కావడానికి.

ములుగు కుర్రవాడు ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఒక క్లబ్బుకు ఆడుతున్నాడు. పోయిన వారం హోటల్ నుంచి ఫోన్ చేశాడు. రేపు మ్యాచ్, బల్ల మీద ఇరవై రకాల వంటకాలున్నాయి, ఏది తినాలో తెలియడం లేదన్నాడు. "తెల్ల అన్నం ఉందా?" అన్నాను. ఉందన్నాడు. "అది మూడు కప్పులు పెట్టుకో. వేయించని చికెన్ ఏదైనా ఒక అరచేయంత. పప్పు పలుచనిది ఉంటే పోసుకో, లేకపోతే పెరుగు. క్రీమ్ వేసిన కూరల వైపు వెళ్లకు. వచ్చేటప్పుడు రెండు అరటిపండ్లు గదికి తెచ్చుకో, ఒకటి రాత్రికి, ఒకటి రేపు మూడింటికి." "పచ్చసొన తినొచ్చా అమ్మా?" అని అడిగాడు. పొద్దున రెండు గుడ్లు, పచ్చసొనతో సహా, అని చెప్పి ఫోన్ పెట్టేశాను.